భుజం కీలు మార్పిడి: ఆపరేషన్‌కు ముందూ తర్వాతా ఇంట్లోవాళ్లు అడిగే ప్రశ్నలు

మా అమ్మ ఎడమ భుజానికి కీలు మార్పిడి అయింది. ఆస్పత్రిలో అటెండెంటుగా ఉన్నదీ, ఇంటికొచ్చాక ఆరు వారాలు దగ్గరుండి చూసుకున్నదీ నేనే. మోకాలి ఆపరేషన్ అంటే మన చుట్టాల్లో ఎవరో ఒకరు చేయించుకునే ఉంటారు, సలహాలకు కొదవ ఉండదు. భుజం అనేసరికి చెప్పేవాళ్లు దొరకలేదు. అప్పుడు నేను డాక్టర్లను, ఫిజియోను అడిగినవీ, ఆ తర్వాత నన్ను వేరేవాళ్లు అడిగినవీ కలిపి రాస్తున్నాను. నేను డాక్టర్ని కాదు. మీ సర్జన్ చెప్పింది దీనికి తేడాగా ఉంటే ఆయన మాటే వినండి.

భుజం నొప్పి ముదిరితే ఆపరేషన్ తప్పదా?

చాలామందికి ఆ అవసరమే రాదు. ముఖ్యంగా షుగర్ ఉన్నవాళ్లలో ఎక్కువగా వచ్చే ఫ్రోజెన్ షోల్డర్ చూసి కంగారుపడకండి. చెయ్యి పైకి లేవదు, వెనక్కి పోదు, రాత్రి ఆ పక్కకు తిరిగి పడుకోనివ్వదు. అయినా ఎక్స్‌రే తీస్తే కీలు బాగానే ఉంటుంది. వ్యాయామంతో, అవసరమైతే ఒక ఇంజెక్షన్‌తో, ఏడాది నుంచి మూడేళ్లలో చాలావరకు అదే సర్దుకుంటుంది. దానికి కీలు మార్చరు.

మార్పిడి దాకా వచ్చే కారణాలు వేరు. కీలులో గుజ్జు పూర్తిగా అరిగి ఎముకకు ఎముక రాసుకోవడం ఒకటి. రుమటాయిడ్ కీళ్లవాతం ఇంకొకటి. చేతి ఎముక పైనున్న బంతికి రక్తం అందక అది చచ్చుబడిపోవడాన్ని ఏవీఎన్ అంటారు. ఎక్కువ కాలం స్టెరాయిడ్లు వాడినవాళ్లలో, మద్యం బాగా తాగేవాళ్లలో, మన ఏజెన్సీ ప్రాంతాల్లో కనిపించే సికిల్ సెల్ జబ్బు ఉన్నవాళ్లలో ఇది వస్తుంది. భుజాన్ని తిప్పే కండరాలు ఎప్పుడో తెగిపోయి, పట్టించుకోకపోవడం వల్ల కీలు కూడా పాడవడం మరో కారణం. మా అమ్మది ఇదే. పెద్దవాళ్లు బాత్రూంలో జారిపడి భుజం దగ్గర ఎముక ముక్కలు ముక్కలైనప్పుడు కూడా ఒక్కోసారి మార్చాల్సి వస్తుంది.

బంతినీ గిన్నెనూ తారుమారు చేస్తారట, నిజమేనా?

నిజమే. మొదట మాకూ అర్థం కాలేదు. భుజంలో చేతి ఎముక తల బంతిలా ఉంటుంది, రెక్క ఎముకకు లోతులేని చిన్న గిన్నె ఉంటుంది. ఆ గిన్నెలో బంతిని పట్టి ఉంచేది రొటేటర్ కఫ్ అనే నాలుగు కండరాల గుంపు. ఈ కండరాలు బాగుంటే మామూలు మార్పిడి చేస్తారు. అంటే బంతి స్థానంలో లోహపు బంతి, గిన్నె స్థానంలో గట్టి ప్లాస్టిక్ గిన్నె.

ఆ కండరాలే తెగిపోయి ఉంటే బంతిని మధ్యలో నిలిపేవాళ్లు ఉండరు, కొత్త కీలు కూడా పైకి జారిపోతుంది. అందుకే రివర్స్ పద్ధతిలో బంతిని రెక్క ఎముకకు బిగించి, గిన్నెను చేతి ఎముకకు పెడతారు. అప్పుడు చెయ్యి లేపే పనంతా పైనున్న పెద్ద కండరం, డెల్టాయిడ్, తీసుకుంటుంది. ఈ ఆలోచనను 1985 ప్రాంతంలో పనిచేసే రూపానికి తెచ్చింది పాల్ గ్రామోంట్ అనే ఫ్రెంచ్ సర్జన్. అసలు భుజం కీలు మార్చడం అంతకంటే చాలా పాతది. 1893లో ప్యారిస్‌లో పేయాఁ అనే సర్జన్ క్షయతో పాడైన భుజానికి ప్లాటినం, రబ్బరుతో చేసిన కీలు పెట్టాడు. ఇన్ఫెక్షన్ తగ్గక రెండేళ్ల తర్వాత తీసేయాల్సి వచ్చింది.

మీకు చేసేది ఏ రకమో తప్పకుండా అడిగి రాసుకోండి. తర్వాత తీసుకోవాల్సిన జాగ్రత్తలు దాన్నిబట్టే మారతాయి.

ముందు ఏమేం పరీక్షలు చేస్తారు?

ఎక్స్‌రే, గిన్నె ఎముక ఎంత మిగిలిందో చూడ్డానికి సీటీ, కండరాల కోసం ఎంఆర్ఐ. ఇవి భుజానికి. మనిషికి రక్తపరీక్షలు, ఈసీజీ, వయసునుబట్టి టూడీ ఎకో, యూరిన్ టెస్ట్. షుగర్ ఉన్నవాళ్లకు మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ చూస్తారు. అది 8 దాటి ఉంటే చాలామంది సర్జన్లు ముందు షుగర్ తగ్గించుకుని రమ్మంటారు. మమ్మల్నీ నెలన్నర ఆపారు. అప్పుడు విసుక్కున్నాం గానీ, షుగర్ అదుపులో లేకపోతే పుండు మానదు, ఇన్ఫెక్షన్ భయం పెరుగుతుంది.

పుచ్చిపన్ను ఉంటే ముందే చూపించుకోండి. నోట్లో చీము ఉండగా శరీరంలో లోహం పెట్టించుకోవడం మంచిది కాదు. భుజంలోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఈమధ్యే తీసుకున్నట్టయితే అది దాచొద్దు. దాని తర్వాత మామూలుగా మూడు నెలలు ఆగుతారు.

రోజూ వేసుకునే మాత్రలు ఆపాలా?

మీ అంతట మీరు ఏదీ ఆపొద్దు, ఏదీ వేసుకుంటూ పోవద్దు. ఇంట్లో ఉన్న మందుల సంచి మొత్తం పట్టుకెళ్లి మత్తు డాక్టర్ ముందు పెట్టండి. రక్తం పల్చబడే క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ లాంటివి ఎప్పుడు ఆపాలో గుండె డాక్టర్‌నూ అడగాలి. స్టెంట్ వేసుకున్నవాళ్లు సొంతంగా ఆపితే ప్రాణం మీదకొస్తుంది. షుగర్ మాత్రల్లో డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ రకాన్ని సాధారణంగా మూడు రోజుల ముందు ఆపమంటారు. కీళ్లవాతానికి వాడే ఇంజెక్షన్ల సంగతి కూడా చెప్పాలి. ఆయుర్వేదం చూర్ణాలు, పసర్లు మందులు కావనుకుని చెప్పరు చాలామంది. అవీ చెప్పండి.

బీడీ, సిగరెట్, చుట్ట కనీసం నాలుగు వారాల ముందు మానాలి.

ఇంటిని ఎలా సిద్ధం చేసుకోవాలి?

నన్నడిగితే అన్నిటికంటే పెద్ద ప్రశ్న ఇదే. ఆపరేషన్ రెండు గంటల పని, అది డాక్టర్లు చూసుకుంటారు. ఆరు వారాలు ఒంటిచేత్తో బతకడం మన పని. ఆ బతుకు ఆపరేషన్‌కు రెండు వారాల ముందే ఇంట్లో రిహార్సల్ చేయాలి.

మా అమ్మకు కోత గురించి, మత్తు గురించి టెన్షన్ లేదు. ఆమె దిగులంతా ఒక్కటే. ఆపరేషన్ ఎడమ భుజానికి, బాత్రూంలో కడుక్కునేది ఎడమ చేత్తో. కుడి చేత్తో కడుక్కుని అదే చేత్తో అన్నం ఎలా తినాలి? ఈ మాట ఆమె డాక్టర్ దగ్గర అడగలేదు, నాతో కూడా మూడు రోజుల తర్వాత అన్నది. నవ్వే విషయం కాదిది. చివరికి కమోడ్ పక్కనున్న హెల్త్ ఫాసెట్‌ను ప్లంబర్‌తో కుడివైపుకు మార్పించాం, అక్కడే లిక్విడ్ సోప్ పెట్టాం, అన్నానికి స్పూన్ అలవాటు చేశాం. రెండు వారాలు ముందే అలవాటైంది కాబట్టి ఆపరేషన్ అయ్యాక ఆ గొడవ లేదు. కుడి భుజం అయితే సమస్య తిరగబడుతుంది. ఎడమ చేత్తో స్పూన్ పట్టుకుని తినడం ప్రాక్టీస్ చేయాలి. పప్పన్నం పర్లేదు, పెరుగన్నం కూడా నడుస్తుంది, చపాతీ మాత్రం ముక్కలు చేసి పెట్టాల్సిందే.

నేల మీద కూర్చునే దొడ్డి అయితే కమోడ్ కుర్చీ తెచ్చుకోండి. కింద నుంచి లేవాలంటే చేతులు ఊనక తప్పదు, ఆ చెయ్యి ఊనడమే చేయకూడని పని. గోడకు పట్టుకునే కడ్డీ బిగిస్తే బాగున్న చేతివైపు బిగించండి. తడిసే చోట రబ్బరు చాప వేయండి. కొత్త కీలుతో కింద పడటం కంటే పెద్ద ప్రమాదం లేదు.

అటక మీదవీ, పై అరల్లోవీ, రోజూ కావలసినవన్నీ నడుము ఎత్తుకు దింపండి. చేతులున్న గట్టి కుర్చీ ఒకటి, వాలుగా కూర్చునే కుర్చీ ఒకటి చూసుకోండి. బట్టలు ముందు తెరుచుకునేవే ఉండాలి: గుండీల చొక్కా, జిప్ నైటీ. మగవాళ్లకు లుంగీ కట్టుకోవడం ఒంటిచేత్తో కుదరదు, ఎలాస్టిక్ ప్యాంటు మేలు. పొడుగు జుట్టు ఉన్నవాళ్లు జడ వేసేది ఎవరో ముందే అనుకోండి.

ఆపరేషన్ ముందు రోజు, ఆ రోజు ఏం చేయాలి?

డాక్టర్ ఇచ్చిన ప్రత్యేకమైన సబ్బు ద్రావణంతో స్నానం చేయమంటారు. మొటిమలకు వాడే బెంజాయిల్ పెరాక్సైడ్‌ను భుజానికీ చంకకూ రాసి కడగమని కూడా కొందరు చెప్తారు. భుజం దగ్గర చర్మపు రంధ్రాల్లో ఉండే ఒక బ్యాక్టీరియా మామూలు సబ్బుకు లొంగదు, దానికోసం. చంకలో వెంట్రుకలు ఇంట్లో బ్లేడుతో తీయొద్దు, సన్నని గాట్లు పడితే ఆపరేషన్ వాయిదా వేస్తారు. ఉంగరాలు, గాజులు తీసేయండి. తర్వాత చెయ్యి వాస్తే ఉంగరం కోసి తీయాల్సి వస్తుంది.

అన్నం, టిఫిను ఆరు నుంచి ఎనిమిది గంటల ముందు ఆపాలి. మంచినీళ్లు సాధారణంగా రెండు గంటల ముందు వరకు తాగనిస్తారు, మీకు చెప్పిన టైమే లెక్క.

మెలకువ వచ్చాక చెయ్యి అసలు లేనట్టే ఉంది, ఎందుకు?

పూర్తి మత్తుతో పాటు మెడ దగ్గర నరాలకు మందు ఇస్తారు. దాన్ని బ్లాక్ అంటారు. దాంతో చెయ్యి 12 నుంచి 24 గంటలు మొద్దుబారి ఉంటుంది. ఆ వైపు కనురెప్ప కాస్త వాలొచ్చు, గొంతు బొంగురుపోవచ్చు, ఊపిరి పూర్తిగా అందనట్టు అనిపించొచ్చు. ఎక్కువమందికి మందు దిగిపోయేసరికి ఇవన్నీ పోతాయి. ఆయాసం ఎక్కువగా ఉంటే మాత్రం నర్సుకు చెప్పండి.

ఒక్క సంగతి గుర్తుంచుకోండి. బ్లాక్ దిగేది ఎక్కువగా రాత్రిపూట, ఒక్కసారిగా. అప్పటిదాకా నొప్పి లేదని మాత్ర వద్దన్నవాళ్లు అర్ధరాత్రి ఏడుస్తారు. మా అమ్మ మాత్ర దిండు కింద దాచి, నాకు దొరికిపోయింది. చెయ్యి మొద్దుగా ఉన్నప్పుడే మొదటి నొప్పి మాత్ర వేయించండి.

రాత్రి ఎలా పడుకోవాలి?

వెల్లకిలా బల్లపరుపుగా కాదు. వీపు కింద దిళ్లు పేర్చి సగం కూర్చున్నట్టు పడుకోవాలి. వాలుకుర్చీలో చాలామంది రెండు మూడు వారాలు నిద్రపోతారు. మోచేయి కింద ఒక చిన్న దిండు పెట్టాలి, పడుకుని ఉన్నప్పుడు మీ మోచేయి మీకు కనిపించాలి. మోచేయి వెనక్కి జారితే కుట్టిన కండరం లాగుతుంది. చేతిని మెడకు వేలాడదీసే పట్టీ, అంటే స్లింగ్, నిద్రలో కూడా ఉండాలి. ఐస్ ప్యాక్ గుడ్డలో చుట్టి 15, 20 నిమిషాలు పెడితే హాయిగా ఉంటుంది.

నొప్పి మాత్రల్లో ట్రమడాల్ ఉంటే వికారం, మలబద్ధకం వస్తాయి. నీళ్లు, జామపండు, ఆకుకూర మర్చిపోవద్దు.

చెయ్యంతా నల్లగా కమిలింది, రొమ్ము దాకా దిగింది. ప్రమాదమా?

కాదు. లోపల ఊరిన రక్తం కిందికి దిగుతుంది. ఊదా, పచ్చ, పసుపు రంగులు మారి రెండు మూడు వారాల్లో పోతుంది. వేళ్లు వాస్తే గుప్పిట మూసి తెరవడం, మణికట్టు తిప్పడం చేస్తూ ఉండాలి.

స్నానం, బట్టలు?

కుట్లు తీసేదాకా, అంటే 10 నుంచి 14 రోజులు, గాయం తడవకూడదు. తడిగుడ్డతో తుడవడమే. చంక సంగతి మాత్రం వదలొద్దు. మన ఎండల్లో ఆరు వారాలు చేతిని ఒంటికి కట్టేస్తే చంకలో చర్మం ఒరిసి పుండవుతుంది. ముందుకు వంగి చేతిని దానంతట అదే వేలాడనిచ్చి, సందు ఏర్పడ్డాక తుడిచి, ఆరబెట్టి, మెత్తని నూలు గుడ్డ మడత పెట్టాలి. చేతిని లేపి తుడవకూడదు.

చొక్కా తొడిగేటప్పుడు ఆపరేషన్ చెయ్యి ముందు, విప్పేటప్పుడు అదే చివర. చీర కట్టుకోవడానికి మూడు నెలలూ ఇంకొకరి సాయం ఉండాలి. కుచ్చిళ్లు కాదు కష్టం, లంగా బొందు వెనక్కి తిప్పడం కష్టం.

అస్సలు చేయకూడని పనులేవి?

కుర్చీలోంచి, మంచం మీంచి ఆ చెయ్యి ఊని లేవకూడదు. ఇది ఏ రకం మార్పిడికైనా మొదటి నియమం. అమ్మ పదో రోజున టీవీలో సీరియల్ చూస్తూ ఫోన్ మోగితే అలవాటుగా చెయ్యి ఊనింది. అదృష్టం కొద్దీ ఏమీ కాలేదు. ఆ రోజు నుంచి కుర్చీ ఎడమచేతి మీద ఎర్ర రిబ్బన్ కట్టాను.

రివర్స్ అయితే చెయ్యి వెనక్కి, నడుము వెనకకు, తీసుకెళ్లకూడదు. దాదాపు మూడు నెలలు. జేబులో పర్సు, వీపు గోక్కోవడం, బ్రా హుక్, చీర దోపడం అన్నీ ఇందులోకే వస్తాయి. కీలు జారేది ఎక్కువగా ఈ భంగిమలోనే. మామూలు మార్పిడి అయితే చేతిని బయటికి బాగా తిప్పకూడదు, తలుపు గట్టిగా లాగకూడదు. ముందువైపు కండరాన్ని కోసి మళ్లీ కుట్టి ఉంటారు, అది అతుక్కోవాలి.

మొదటి ఆరు వారాలు టీ కప్పుకు మించి బరువు వద్దు. మనవళ్లను ఎత్తుకోవడం గురించి అడగనే అడగొద్దు.

పప్పు, వంకాయ, గుడ్డు తింటే చీము పడుతుందా?

పడదు. ఆపరేషన్ అయిన ఇంట్లో ఈ మాట వినని రోజు ఉండదు. మా పిన్ని కారప్పొడి, చారుతో నెల గడపమంది. కందిపప్పు, బంగాళాదుంప, వంకాయ, పాలు అన్నీ చీము పట్టించేవేనట. చీము పట్టేది క్రిముల వల్ల, కూరల వల్ల కాదు. పైగా గాయం మానాలంటే మాంసకృత్తులు కావాలి, మనకు అవి దొరికేవి పప్పు, గుడ్డు, పాలు, పెరుగు, చేప, చికెన్‌లోనే. చారన్నంతో నెల గడిపితే నీరసం తప్ప ఇంకేమీ రాదు. పెద్దవాళ్లతో వాదించలేక, నేను డాక్టర్ చేతే చీటీ మీద "పప్పు తినాలి" అని రాయించాను. పిన్ని దాన్ని రెండుసార్లు చదివి ఊరుకుంది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు మాత్రం లెక్క వేరు, డాక్టర్‌ను అడగాలి.

నూనె మర్దన చేయించొచ్చా? కట్టు కట్టించొచ్చా?

వద్దు. పుత్తూరు కట్టు మీద మనవాళ్లకు ఎంత నమ్మకమున్నా, లోపల లోహపు కీలు ఉన్న భుజాన్ని లాగి సరిచేయడం వేరే వ్యవహారం. గాయం మానాక మచ్చ మీద మెల్లగా కొబ్బరినూనె రాయడం ఫిజియోనే నేర్పిస్తారు.

ఫిజియోథెరపీ ఎప్పుడు మొదలు? ఎన్నాళ్లు?

వేళ్లు, మణికట్టు, మోచేయి మొదటి రోజు నుంచే. భుజాన్ని మొదటి నాలుగు నుంచి ఆరు వారాలు మీ బలంతో కదపకూడదు. ముందుకు వంగి చేతిని గంటలా ఊపడం, బాగున్న చేత్తో దాన్ని లేపడం లాంటివే. ఆరు వారాలకు స్లింగ్ పోయాక సొంతంగా లేపడం మొదలవుతుంది. రబ్బరు బ్యాండు, చిన్న బరువులు సుమారు మూడు నెలల తర్వాత.

నాకు తెలిసి ఇక్కడ రెండు రకాల మనుషులు దెబ్బతింటారు. నొప్పి అని కదపనివాళ్లు ఒకరు, తొందరగా బాగుపడాలని చెప్పినదానికి రెట్టింపు చేసేవాళ్లు ఇంకొకరు. మా ఫిజియో రెండో రకాన్నే ఎక్కువ తిట్టేవారు. ఆరో వారంలో చెయ్యి నడుము దాటి లేవకపోతే నిరాశపడకండి, అప్పుడే మొదలైంది. రోజువారీ పనులు ఆరు నెలలకు సులువవుతాయి. మెరుగుపడటం ఏడాది దాకా సాగుతుంది. అయినా చెయ్యి పాతికేళ్లప్పటిలా పూర్తిగా నిటారుగా లేవకపోవచ్చు. ఈ ఆపరేషన్ ముఖ్యంగా నొప్పి తగ్గించడానికి.

ఎప్పుడు వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి?

100.4 దాటిన జ్వరం, చలి. గాయం చుట్టూ ఎరుపు పాకడం, చీము లేదా రసి కారడం. ఒక్కసారిగా భరించలేని నొప్పి వచ్చి భుజం ఆకారం మారినట్టు కనిపించడం. బ్లాక్ దిగిపోయాక కూడా వేళ్లు మొద్దుగా ఉండటం లేదా చల్లబడటం. వీటిలో ఏది వచ్చినా ఆ రోజే చూపించాలి. ఛాతీ నొప్పి, ఆయాసం వస్తే 108కి ఫోన్ చేయండి. ఏడాది తర్వాతైనా, తగ్గిన నొప్పి మళ్లీ మెల్లగా మొదలైతే అశ్రద్ధ చేయొద్దు. భుజంలో ఇన్ఫెక్షన్ జ్వరం లేకుండా కూడా వస్తుంది.

బండి, బస్సు, పొలం పని?

కారు ఆరు నుంచి పన్నెండు వారాలకు, డాక్టర్ సరేనన్నాక. స్కూటర్ ఇంకా ఆలస్యం, గుంట వస్తే దెబ్బంతా భుజానికే. ఆర్టీసీ బస్సులో పై కడ్డీ పట్టుకుని నిలబడటం మానేయండి. కూర్చుని చేసే ఉద్యోగానికి కొందరు నెలలోపే వెళ్తారు.

రైతులకు నిజం చెప్పాలంటే వీపున 16 లీటర్ల స్ప్రే ట్యాంకు వేసుకోవడం, పారతో తవ్వడం, బస్తా ఎత్తడం ఇక మానుకోవాల్సిన పనులే. నీళ్లు పెట్టడం, అజమాయిషీ, తేలికపాటి కోతలు చేసుకోవచ్చు. బరువు పరిమితి ఒక్కో సర్జన్ ఒక్కోలా చెప్తారు, కిలోల్లో అడిగి తెలుసుకోండి.

ఎన్నేళ్లు పనిచేస్తుంది?

పదేళ్ల తర్వాత కూడా పదిలో తొమ్మిది కీళ్లు పనిచేస్తూనే ఉంటాయి.

ఖర్చు సంగతి?

ఊరినిబట్టి, కీలు కంపెనీనిబట్టి చాలా మారుతుంది. 2017 ఆగస్టులో కేంద్రం ధర పరిమితి పెట్టింది మోకాలి కీళ్లకు. ఆ రేటు మనసులో పెట్టుకుని భుజానికి వెళ్తే షాక్ తింటారు. కీలు ధర, సర్జన్ ఫీజు, గది అద్దె విడివిడిగా రాసి ఇమ్మని అడగండి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఏపీలో ఎన్టీఆర్ వైద్యసేవ కార్డున్నవాళ్లు అడ్మిట్ కాకముందే ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను కలిసి, మీ జబ్బుకు ఆ ఆస్పత్రిలో వర్తిస్తుందో లేదో తేల్చుకోండి. ఇన్సూరెన్స్ అయితే కీలు మీద పరిమితి ఉందేమో పాలసీ చూడండి. ఫిజియో ఖర్చు నెలల తరబడి ఉంటుంది, దాన్ని ఎవరూ లెక్కలో వేయరు.

ఎయిర్‌పోర్టులో మోగుతుందా? ఎంఆర్ఐ తీయొచ్చా?

మోగొచ్చు. ఆపరేషన్ అయిందని సెక్యూరిటీవాళ్లకు చెప్తే చేతి స్కానర్‌తో చూసి పంపుతారు. ఇప్పటి కీళ్లతో ఎంఆర్ఐ సాధారణంగా తీయొచ్చు గానీ ముందు చెప్పాలి. పంటి డాక్టర్‌కూ చెప్పాలి, అత్యవసరం కాని పంటి పనులు మొదటి మూడు నెలలు వాయిదా వేయండి.

డిశ్చార్జ్ రోజు ఏ కాగితాలు అడిగి తీసుకోవాలి?

డిశ్చార్జ్ సమ్మరీ, ఆపరేషన్ నోట్స్, ముందూ తర్వాతా ఎక్స్‌రేలు, అన్నిటికంటే ముఖ్యంగా కీలు పెట్టెల మీద ఉండే స్టిక్కర్లు. కంపెనీ పేరు, సైజు, లాట్ నంబర్ వాటి మీదే ఉంటాయి. పదేళ్ల తర్వాత ఇంకో ఊళ్లో ఇంకో సర్జన్ ఆ భుజాన్ని తెరవాల్సి వస్తే మొదట అడిగేది అదే. మాకు ఇవ్వడం మర్చిపోయారు, వారం తర్వాత వెళ్లి తెచ్చుకున్నాను. వాటిని ఫోటో తీసి, అమ్మ ఫోన్లో, నా ఫోన్లో, అమెరికాలో ఉన్న తమ్ముడి ఫోన్లో పెట్టాం.